జ్వరానికి గ్రాఫు గీసినవాడు

థర్మామీటరు కొత్తగా కొన్నవాడికి ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే బాగుండునన్న దుర్బుద్ధి ఒకటి పుడుతుంది. నాకు పుట్టింది. నేను కొన్నది డిజిటల్‌ది, కొస మెత్తగా వంగుతుంది, లెక్క తేలగానే కుయ్యిమంటుంది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ని కాబట్టి, కొలతకు అందినదేదైనా మన చేతికి చిక్కినట్టేనని నా నమ్మకం. చంకలో పెడితే ఎంత, నోట్లో పెడితే ఎంత, రెంటికీ తేడా ఎంత అని ఒంట్లో ఏ నలతా లేని మా అమ్మ మీద ఆదివారం పూట ప్రయోగాలు కూడా చేశాను. ఆవిడ నోట్లో థర్మామీటరుతోనే నన్ను తిట్టింది.

ఇది రెండేళ్ల కిందటి శ్రావణమాసం సంగతి. మా ఆవిడ వాళ్ల చెల్లెలి పురిటికి నెల్లూరు వెళ్లింది. విజయవాడలో ఇంట్లో మిగిలింది నేను, డెబ్భైకి దగ్గర పడ్డ, సుగరున్న మా అమ్మ, రెండో తరగతి చదివే అమ్మాయి, మూడేళ్ల పిల్లాడు. ఆటో ఎక్కుతూ మా ఆవిడ ఒకటే మాట చెప్పింది: "జ్వరం గిరం వస్తే డాక్టరు గారికి చూపించండి. మీ సొంత ప్రయోగాలు పెట్టకండి." విన్నాను. చెవులతో మాత్రమే విన్నాను.

వానలు పడే రోజుల్లో మనవైపు ఫ్లూ ఒకసారి ఊపందుకుంటుంది, చలి వెళ్లబోయే ముందు ఇంకోసారి. ఆ మాట తెలిసినవాడు ఆగస్టులో పిల్లకు జ్వరమొస్తే ముందు దాన్నే అనుమానిస్తాడు. నేను ఐస్‌క్రీముని అనుమానించాను. అమ్మాయి సాయంత్రం బడి నుంచి వస్తూనే బ్యాగు గుమ్మంలో పడేసి, "నాన్నా, కాళ్లు పీకుతున్నాయి" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం దాకా దిట్టంగా ఉన్న పిల్ల. మామూలు జలుబు ముందు ముక్కులో చేరి, మర్నాటికి గొంతులోకి దిగి, తాపీగా వస్తుంది. ఫ్లూ మాత్రం తలుపు తోసుకుని వచ్చే అప్పులవాడి బాపతు. జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి అన్నీ ఒక్క పూటలోనే వచ్చి కూర్చుంటాయి. ఈ తేడా నాకు తర్వాత డాక్టరు గారు చెబితే తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం థర్మామీటరు కుయ్యిమంది, 102.4 అని చూపించింది, నేను గ్రాఫు పేపరు తీశాను.

నిజం చెప్పుకోవాలంటే అమ్మాయి విషయంలో మందు తప్పు వెయ్యలేదు. పారాసెటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు. పిల్ల బరువు 22 కిలోలు. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న సిరప్పు 5 మిల్లీలీటర్లు వేశాను. లెక్క సరిపోయింది, జ్వరం దిగింది. గ్రాఫు మీద గీత కిందికి వంగుతుంటే నాకు కలిగిన గర్వం మా కాలేజీలో ఏ ర్యాంకూ కలిగించలేదు.

అసలు పాపం మర్నాడు పొద్దున చేశాను. అది లెక్కల యూనిట్ టెస్టు రోజు. లేచేసరికి పిల్లకు 99 ఉంది, దగ్గుతోంది. వంట్లో మందు ఉన్నంతసేపూ జ్వరం దాక్కుంటుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ గీత గీసినవాణ్ని నేనే. అయినా బడి బస్సుకు ముందు ఇంకో మోతాదు వేసి, జడలు వేయించి, "పరీక్ష రాసేసి వచ్చెయ్ తల్లీ" అని పంపించాను. నొక్కి పెట్టిన జ్వరం లెక్కల పీరియడ్ అయ్యేవరకైనా ఆగుతుందిలే అని ధైర్యం. ఆగింది కూడా. మధ్యాహ్నం బడి నుంచి ఫోను: పాప బెంచీ మీద తల వాల్చేసింది, వచ్చి తీసుకెళ్లండి.

ఫ్లూ ఉన్న పిల్ల లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే దాన్ని పంచుతుంటుంది, ఆ తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల పాటు కూడా. మొదటి మూడు నాలుగు రోజులు మరీ ఎక్కువ. చిన్నపిల్లలైతే పెద్దవాళ్లకన్నా ఎక్కువ రోజులు. అందుకే జ్వరం మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే బడికి పంపమంటారు. అంటే ముందు రోజు ఆ పిల్ల ఎంతమందికి ఇచ్చి వచ్చిందో అది నా చేతిలో లేదు. రెండో రోజు ఇచ్చి వచ్చిందంతా నా పేరు మీద రాసుకోవాలి. తర్వాతి వారం క్లాసు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక్కొక్కరే మొదలుపెట్టారు. మా బాబుకీ జ్వరం, మా పాపకీ వాంతులు, ఎవరైనా నోట్సు పంపరా? అందరికీ పేరుపేరునా దండాలు పెట్టే బొమ్మ జోడించి "గెట్ వెల్ సూన్" అని పెట్టింది నేనే. ఒకావిడ "మీ పాప తగ్గిపోయిందిగా, మీరేం వాడారండీ?" అని అడిగితే మందు పేరు, మోతాదు లెక్క సహా చెప్పాను. మా అమ్మాయే పట్టుకొచ్చి పంచిందేమో అన్న ముక్క మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఆ గ్రూపులో నాకు "సైన్సు సార్" అని మంచి పేరుంది.

పిల్లాడికి అంటుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒకే తువ్వాలు, ఒకే గ్లాసు, ఒకే దిండు, ఇక అంటుకోక ఏం చేస్తుంది?

వాడి విషయంలో నేను మనిషిగా పనిచెయ్యడం మానేసి ప్రయోగశాలగా మారాను. అరగంటకోసారి కుయ్యిమనిపించేవాణ్ని. 103.2 చూడగానే కిటికీలు మూశాను, ఫ్యాను ఆపాను, స్వెట్టరు తొడిగాను, మంకీ టోపీ పెట్టాను. ఆగస్టులో, విజయవాడలో! ఉక్కకు వాడి ముఖం కందగడ్డలా అయింది. అరగంటకు మళ్లీ కొలిస్తే 103.6. నా చికిత్సకు రోగం ఎదురు తిరుగుతోందని కోపం వచ్చింది కానీ, లోపలి వేడి బయటికి పోయే దారులన్నీ మూసింది నేనేనని తట్టలేదు. ఉష్ణప్రసారం గురించి అదే వారం క్లాసులో పాఠం చెప్పాను.

ఆ కంగారులో మందుల డబ్బా తెరిచాను. మన ఇళ్లలో ఆ డబ్బా ఎలా ఉంటుందో తెలిసిందే: సగం వాడిన సీసాలు, మూతలు మారిపోయిన సీసాలు, ఎవరికి ఎప్పుడు రాసిచ్చారో గుర్తులేని మాత్రలు. అమ్మాయి సిరప్పు అయిపోయింది. పిల్లాడు పసివాడుగా ఉన్నప్పటి సీసా ఒకటి దొరికింది. పేరు అదే, బొమ్మ అదే, రంగూ అదే. మూతలో 5 మిల్లీలీటర్లు పోశాను. సరిగ్గా అప్పుడే నెల్లూరు నుంచి వీడియో కాల్ వచ్చింది. మా ఆవిడ పిల్లాణ్ని చూడకుండా నా చేతిలో సీసాను చూసింది.

"ఏవండీ, అది డ్రాప్సండీ!"

పారాసెటమాల్ సిరప్పుల్లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములవీ ఉంటాయి, 250వీ ఉంటాయి. చుక్కల మందు వేరు. ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటాయి, అది డ్రాపరుతో కొలిచి వెయ్యాల్సింది. నా మూతలో ఉన్నది 500. వాడి 14 కిలోల బరువుకు ఎంత ఎక్కువ లెక్కేసినా 210 దాటకూడదు. ఒక్కసారికి ప్రాణం మీదికి వచ్చేది కాదేమో గాని, అలా పూటకోసారి వేసుకుంటూ పోతే కాలేయం ఊరుకోదు. ఆవిడ అంతటితో ఆగకుండా డబ్బాలో సీసాలన్నీ ఒక్కొక్కటే చూపించమంది. అందులో అమ్మాయికి ఎప్పుడో వాడిన జలుబు మందు కనిపించింది. అది కూడా వేద్దామని పక్కన పెట్టుకున్నాను. అందులోనూ పారాసెటమాల్ ఉంది. పైగా క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని లేబులు మీద అచ్చు వెయ్యమని 2023 డిసెంబరులోనే ఔషధ నియంత్రణ అధికారులు కంపెనీలను ఆదేశించారు. మా సీసా అంతకన్నా పాతది, ఆ అచ్చు దాని మీద లేదు. "చిన్నక్షరాలు చదవమని పిల్లలకు చెబుతారుగా మీరు" అంది మా ఆవిడ. గడువు తేదీ కూడా దాటిపోయిందని అప్పుడు చూశాను.

ఇంత జరిగాక బుద్ధి రావాలి కదా. ఆవిరి పట్టాలనిపించింది.

స్టూలు మీద మరిగే నీళ్ల గిన్నె, పిల్లాడి మీద దుప్పటి, దుప్పటి కింద నేనూ వాడూ. వాడు ఒక్క తన్ను తన్నాడు. నీళ్లు నా పాదం మీద పడ్డాయి. ఒక జానెడు అటు పడితే ఏమయ్యేదో ఇప్పటికీ ఊహించుకోలేను. చిన్నపిల్లలకు ఆవిరి వద్దని డాక్టర్లు అనేది ఇందుకే. ముక్కు దిబ్బడకు మెడికల్ షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు చాలు. పాదం బొబ్బలెక్కి కుంటుకుంటూ కాలేజీకి వెళితే సహోద్యోగులు బైకు మీంచి పడ్డావా అన్నారు. అవునన్నాను.

తిండి సంగతికి వస్తే ఇంకో నిజం ఒప్పుకోవాలి. నాకు వంట రాదు. మోకాళ్ల నొప్పులతో అమ్మ స్టవ్వు దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. అప్పుడు నాకు లంఖణం పరమౌషధమన్న మాట గుర్తొచ్చింది. మా నాన్న జ్వరమొస్తే పడుకుని అదే అనేవాడు. పాత మాట, గంభీరమైన మాట, పైగా గిన్నెలు తోమక్కర్లేని మాట. పిల్లాడు ముద్ద వద్దంటే "ఒంటికి అదే మంచిది, వదిలెయ్యమ్మా" అని అమ్మను ఆపాను. ఆవిడ చారన్నం మెత్తగా పిసికి, కాస్త గంజి పలచగా కాచి తెస్తే, జ్వరంలో అన్నమేమిటని నేనే పక్కన పెట్టించాను. పిల్లలు జ్వరంలో తక్కువ తింటారు, అది సహజం. బలవంతంగా కుక్కక్కర్లేదు కూడా. కానీ నీళ్లు, గంజి, మజ్జిగ, తల్లిపాలు తాగే పిల్లలకు తల్లిపాలు, ఏదో ఒకటి కొంచెం కొంచెంగా లోపలికి పోతూనే ఉండాలి. జ్వరానికి ఒంట్లో నీరు ఆవిరైపోతుందని మామూలు మనుషులకు తెలుసు. నాకు ఫిజిక్సు తెలుసు.

వాంతులు మొదలయ్యాక మాత్రం భయపడి షాపుకు పరిగెత్తి, రంగురంగుల అట్టపెట్టెల్లో స్ట్రా గుచ్చుకుని తాగే ద్రావకాలు తెచ్చాను. పెట్టె మీద ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలతో ఉంది. పిల్లాడికి తియ్యగా నచ్చింది. అసలు ఓఆర్ఎస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు ఉన్నాయి. లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం క్లోరైడు, సిట్రేటు. తీపి అంతకన్నా బాగా మించితే పేగుల్లోకి నీళ్లు ఇంకా లాగేస్తుంది, వాంతులు విరేచనాలున్న పిల్లాడికి మేలు పోయి కీడు జరుగుతుంది. ఈ పేరు పెట్టుకున్న తీపి పానీయాల మీద హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోట్లాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పాళ్లలో లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు ఉండటానికి వీల్లేదని చెప్పింది. ఆ వార్త పేపర్లో చూసినప్పుడు మా ఆవిడ నాకేసి చూసింది, నేను ఆటల పేజీ తిప్పాను.

ఇక రాత్రి. వాడు ఎట్టకేలకు నిద్రపోయాడు. నేను పక్కనే గ్రాఫు పట్టుకుని కూర్చుని, రెండు గంటలకు కొలిస్తే 101.8 వచ్చింది. గీత పైకి పోతోంది. వాణ్ని లేపాను. ఏడుస్తున్నవాడి ముక్కు మూసి మందు పోశాను, వాడు దాన్ని నా చొక్కా మీద కక్కాడు, ఎంత లోపలికి పోయిందో తెలియక మళ్లీ వెయ్యాలా వద్దా అని గూగుల్లో వెతికాను. వెతుకుతుంటే నిద్ర ముంచుకొచ్చింది. అందుకని వాణ్ని తీసుకెళ్లి అమ్మ పక్కలో పడుకోబెట్టాను. దగ్గే పిల్లాణ్ని, సుగరున్న పెద్దావిడ పక్కలో. ఈ కథలో నన్ను నేను క్షమించుకోలేనిది ఏదైనా ఉంటే ఇదే. మిగిలినవాటిలో తెలియనితనం ఉంది. ఇందులో ఉన్నది నా నిద్ర.

పొద్దున్నే అమ్మ వచ్చి నన్ను లేపింది. "ఒరేయ్, వీడు నిన్న సాయంత్రం నుంచి ఒంటికి పోలేదురా."

గ్రాఫు చూశాను. అందులో పోటు, దిగుడు, మందు వేసిన గంటలకు ఎర్ర చుక్కలు, అన్నీ ఉన్నాయి. పిల్లాడు ఎన్నిసార్లు ఒంటికి పోయాడు, ఎంత తాగాడు, ఆడుకున్నాడా, పిలిస్తే పలికాడా అన్న గడులు లేవు. పెదవులు ఎండిపోయి, ఏడిస్తే కన్నీళ్లు రాని పిల్లాడు ఎదురుగా ఉన్నాడు. రెండు రోజులుగా నేను చూసింది వాడి చంకలో ఉన్న పుల్లను.

పిల్లల డాక్టరు గారు థర్మామీటరు ముట్టుకోలేదు. ముందు వాడి చొక్కా పైకెత్తి, వాచీ చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టారు. ఏడాది నుంచి అయిదేళ్లలోపు పిల్లలకు నిమిషానికి 40, రెండు నెలలు నిండి ఏడాదిలోపు వాళ్లకు 50 దాటితే ఊరుకోకూడదట. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే, పెదవులు నీలం తిరిగితే, ఫిట్స్ వస్తే, ఎనిమిది గంటలు ఒంటికి పోకపోతే, తగ్గిన జ్వరం రెండు రోజులాగి మళ్లీ విరుచుకుపడితే వెంటనే పరిగెత్తాలి. మూడు నెలలలోపు పసివాళ్లకైతే జ్వరమొక్కటి చాలు, ఇంకో లక్షణం కోసం చూడనక్కర్లేదు. మావాడి ఊపిరి 40 లోపే ఉంది. నీరు తగ్గిందన్నారు. అసలైన ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపించి, చెంచాతో రెండు మూడు నిమిషాలకోసారి పట్టమన్నారు. అక్కడే కుర్చీలో కూర్చుని పట్టాను. గంటన్నరకు వాడు నా ప్యాంటు తడిపాడు. నేనెంత సంబరపడ్డానో ఆ నర్సమ్మకు వింతగా ఉండి ఉంటుంది.

నేను గ్రాఫు తీసి చూపించాను. డాక్టరు గారు మర్యాదస్తులు, చూశారు.

"నిద్రపోతున్న పిల్లాణ్ని లేపి జ్వరం మందు వేశారా?"

"101.8 ఉందండీ."

"ఉండనీయండి. మందు వాడి నొప్పికీ నీరసానికీ. మీ కాగితం కోసం కాదు. ఫ్లూలో 103, 104 రావడం మామూలే. అంతమాత్రాన మెదడుకేం కాదు. పిల్లాడు నిద్రపోతున్నాడంటే వాడికి కావాల్సింది దొరికిందన్నమాట."

యాంటీబయాటిక్ రాయండి సార్ అన్నాను. ఫ్లూ వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ బ్యాక్టీరియాకు పనిచేస్తుందన్నది నాకు తెలియక కాదు. పొట్లం చేతిలో లేకుండా ఇంటికి వెళితే డాక్టరు ఏం చెయ్యలేదనిపిస్తుంది, అందుకని అడిగాను. ఆయన రాయలేదు. ఫ్లూకు వేరే మందు ఉంది, ఒసెల్టామివిర్, డాక్టరు చీటీ మీదే వాడాలి. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితేనే దాని ఫలితం బాగా కనిపిస్తుంది. ఆ 48 గంటలూ స్వెట్టరు, ఆవిరి, లంఖణాల కింద ఖర్చయిపోయాయి.

ఫ్లూ టీకా వేయించారా అని అడిగారు. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. టీకాల కార్డు తీసి, పసితనంలో వేయించిన హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి గడి మీద వేలు పెట్టాను. ఆయన మొదటిసారి నవ్వారు. అది బ్యాక్టీరియా, న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చేది, ఫ్లూకూ దానికీ సంబంధం లేదన్నారు. ఇంటికొచ్చి చదువుకుంటే నా గౌరవం కాస్త నిలబడింది. 1892లో జర్మనీలో రిచర్డ్ ఫైఫర్ అనే మహా శాస్త్రవేత్త కూడా ఫ్లూ రోగుల్లో కనిపించిన ఆ సూక్ష్మజీవే ఫ్లూకు కారణమని పొరబడ్డాడు. ఆ పేరు అలా అంటుకుపోయింది. 1933లో ఇంగ్లండులో, ముంగిసకు దగ్గర పోలికలున్న ఫెరెట్ అనే జంతువుకు ఫ్లూ ఎక్కించి చూశాక గాని మనుషుల ఫ్లూ వైరస్ పట్టుబడలేదు. ఫైఫర్‌కు సాటి వచ్చే తప్పు చేశానని మా ఆవిడతో అన్నాను. ఆవిడ మెచ్చుకోలేదు.

అసలు ఫ్లూ టీకా ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి వెయ్యొచ్చు, ఏటా వేయించాలి, ఎందుకంటే వైరస్ ఏటా వేషం మారుస్తుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటి ఏడాది నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు. పని చెయ్యడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే వేయిస్తే మేలు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు, మనమే అడిగి డబ్బిచ్చి వేయించుకోవాలి. 2009 మేలో దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాదులో బయటపడ్డప్పుడు నేను అక్కడే చదువుకుంటున్నాను. కర్చీఫు కట్టుకుని వీరుడిలా తిరిగాను. ఆ వైరస్ సంతతే ఇప్పుడు ఏటా తిరిగే మామూలు ఫ్లూల్లో ఒకటైపోయిందని, టీకాలో దానికీ వాటా ఉందని డాక్టరు గారు చెప్పేదాకా తెలియదు.

"ఇంట్లో పెద్దవాళ్లున్నారా?" అన్నది ఆయన చివరి ప్రశ్న. అమ్మ సంగతి, పక్క సంగతి చెప్పాను. నవ్వు పోయింది. ఆవిడకు ఒళ్లు వెచ్చబడితే ఒక్క పూట కూడా ఆగొద్దన్నారు. మర్నాడు సాయంత్రమే వెచ్చబడింది. ఈసారి నేను థర్మామీటరు కోసం వెతక్కుండా ఆటో కోసం వెతికాను. మందు మొదటి రోజే పడింది. జ్వరం త్వరగానే పోయింది గాని దగ్గు వినాయకచవితి దాటినా వదల్లేదు. పందిట్లో హారతి పాట మధ్యలో ఆవిడ దగ్గితే నేను పత్రి సర్దుతున్నట్టు తల దించుకునేవాణ్ని.

పిల్లలిద్దరూ తేరుకున్నారు. తువ్వాళ్లు విడిపోయాయి, గ్లాసులు విడిపోయాయి. అమ్మాయి ఇప్పుడు మోచేతి మడతలో దగ్గుతుంది, చేతులు సబ్బుతో కడిగేటప్పుడు ఇరవై దాకా లెక్కపెడుతుంది, నేను పన్నెండు దగ్గర ఆపేస్తే పట్టుకుంటుంది. మందుల డబ్బాలో పాత సీసాలన్నీ మా ఆవిడ పారేసింది, ఉన్న ఒక్క సిరప్పు మీద పిల్లాడి బరువు, మోతాదు స్కెచ్ పెన్నుతో రాసింది. జలుబుకని హారతి కర్పూరం బిళ్లలు గుడ్డలో కట్టి దిండు కింద పెట్టే అలవాటును మా అమ్మ చేత మాన్పించడానికి మాత్రం యుద్ధమే అయింది. పటికబెల్లం అనుకుని పిల్లాడు ఒకటి మింగితే ఫిట్స్ వస్తాయని చెప్పాక గాని ఒప్పుకోలేదు.

ఈ ఏడాది మే నెలలో అందరినీ టీకాకు తీసుకెళ్లాను. అమ్మాయి కళ్లు మూసుకుంది, పిల్లాడు ఊరంతా వినపడేలా ఏడ్చాడు, అమ్మ చీర చెంగు సర్దుకుని చెయ్యి చాపింది. నర్సమ్మ నాకేసి తిరిగి, "మీకూ వేసేదా సార్?" అంది. సూది వంక చూశాను. కాలేజీలో అడ్మిషన్ల పని ఉంది, అది అయ్యాక వస్తానన్నాను. అడ్మిషన్లు జూలైలోనే అయిపోయాయి. మా ఆవిడకు మాత్రం వేయించుకున్నాననే చెప్పాను.